జర బాజూకు

తెర మీద నీలం గీత సగం దాకా పాకి ఆగింది. పెంటప్ప చల్లారిన చాయ్ ఒక గుక్క తాగి, గీత మళ్ళీ కదిలేదాకా చూసి, తరువాతి ఫోల్డరు తెరిచాడు. పొద్దున్నుంచీ ఇదే పని. అశోక్ చౌక్‌లోని ఆ ఫోటో స్టూడియో కంప్యూటరులో ఇంకో పెళ్ళికి చోటు లేదు. పాత ఏళ్ళ ఫోటోలన్నీ పెద్ద డిస్కులోకి మార్చి ఇక్కణ్ణుంచి తీసేయమన్నాడు యజమాని అక్షయ్. బాగున్నవి డిస్కులోకి. కళ్ళు మూసుకున్నవి, మసకబారినవి, పరాయివాళ్ళు అడ్డం వచ్చినవి చెత్తలోకి.

"ఎక్కువ సోచాయించకు కాకా," అన్నాడు అక్షయ్. "వాటిని ఎవ్వరు అడగరు."

పెంటప్ప తలూపాడు. కానీ ఒకామె అడిగింది.

ఆమె బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో బీడీలు చుట్టే సుందరాబాయి. ఎండాకాలంలో మొదటిసారి వచ్చి, గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, కౌంటరు దాకా వచ్చింది. ఆమె కూతురు కోమల్ కామెర్లతో పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో ఉన్న ఫోటోలు వానాకాలం గోడ ఉరిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. జోడ్‌భావి పేట్‌లో ఒక పెళ్ళికి కోమల్ పోయిందనీ, ఆ పెళ్ళి ఫోటోలు తీసింది పెంటప్పేననీ ఎవరో చెప్పారట.

"పసుపు పంజాబీ డ్రెస్ ఏసుకున్నది తమ్మీ. ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటది. జర చూడు."

"చూస్త అక్కా," అన్నాడు పెంటప్ప.

చూడలేదు. అప్పుడు పెళ్ళిళ్ళ కాలం. ఆ తరువాత పాస్‌పోర్టు ఫోటోల కోసం బడిపిల్లల వరస. ఆమె వచ్చినప్పుడల్లా అదే మాట చెప్పాడు. ఒకసారి రోడ్డు అవతల ఆమె రావడం చూసి, ఏదో పని ఉన్నట్టు లోపలి గదిలోకి పోయి తలుపు మూసుకున్నాడు. వానలు మొదలయ్యాక ఆమె రావడం మానేసింది. హమ్మయ్య అనుకున్నాడు. ఇప్పుడు తెర మీద తెరుచుకున్నది జోడ్‌భావి పేట్ పెళ్ళే.

పెంటప్ప పడుచువాడుగా ఉన్నప్పుడు మరమగ్గం నడిపాడు. పరిగెత్తే బట్టలో తెగిన పోగు ఎక్కడున్నా అతని కన్ను దాని మీదే పడేది. ఒకనాడు పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరి వచ్చి చూపుడువేలికి తగిలింది. వేలు వంకరగా అతుక్కుంది. దూది దుమ్ము ఛాతీలో చేరి దగ్గు పట్టుకున్నాక మగ్గం వదిలి ఈ స్టూడియోలో చేరాడు. మొదట లైటు పట్టాడు, తరువాత కెమెరా పట్టాడు. ఊళ్ళోని సగం పెళ్ళిళ్ళు అతని చేతిలోంచే పోయాయి.

చెత్తలోకి పోవలసిన వరసలో పసుపు రంగు కనిపించింది.

పెళ్ళికూతురి చుట్టూ మేనత్తలు నిలబడ్డారు. వాళ్ళ పక్కన కొత్తగా దువ్వుకున్న జడ ముందుకు వేసుకుని ఒక పిల్ల. కనుబొమ్మ మీద గాటు. నవ్వబోతూ నవ్వు సగంలో ఆపుకున్న ముఖం. ఆ పిల్ల భుజానికి అడ్డంగా, కెమెరాకు బాగా దగ్గరగా, మసకగా ఒక చెయ్యి. పక్కకు పొమ్మని ఊపుతున్న చెయ్యి. దాని చూపుడువేలు వంకర.

పెంటప్ప తన వేలు వైపు చూసుకోలేదు. చూడవలసిన పని లేదు.

ఆ పిల్ల అతనికి గుర్తు లేదు. తాను అన్న మాట మాత్రం తెలుసు. "జర బాజూకు జరుగు పోరి, ఇంటోళ్ళను తియ్యనియ్యి." ఆ మాట ప్రతి పెళ్ళిలోనూ అన్నదే. బీడీలు చుట్టి చుట్టి వేళ్ళు నల్లబడిన ఆడవాళ్ళను, మగ్గం మీంచి నేరుగా వచ్చి వెంట్రుకల్లో దూది ఉన్న మగవాళ్ళను, ఎవరి మనుషులో తెలియని పిల్లలను, అందరినీ ఆ చేత్తోనే ఊపి పంపాడు. మిగతా ఫోటోలన్నీ ఒక్కొక్కటే వెతికాడు. భోజనాల బంతిలో లేదు, అప్పగింతల్లో లేదు. ఒకచోట స్తంభం వెనక పసుపు చున్నీ కొస కనిపించింది, అంతే. ఒక్కమాటకే ఆ పిల్ల మళ్ళీ కెమెరా ముందుకు రాలేదు.

చేతిని తీసేయడం కష్టం కాదు. ఎన్నో ఫోటోల్లో ఎన్నో తీశాడు. చెయ్యి ఉన్నచోట చెరిపి, పసుపు రంగు నింపి, ఒక భుజం కల్పించాడు. చక్కగానే వచ్చింది. కానీ ఇప్పుడు ఆ పిల్ల ముఖంలో నవ్వు ఎందుకు ఆగిందో తెలియడం లేదు. తనంతట తానే చిన్నబుచ్చుకున్నట్టుంది. కాసేపు చూసి చెరిపినదంతా వెనక్కి తెచ్చాడు. చేతితో సహా పెద్ద సైజులో ప్రింటు తీశాడు. డిస్కు పని సగంలో వదిలి, అక్షయ్‌కు ఇప్పుడే వస్తానని చెప్పి, ఆటో ఎక్కాడు. దారి పొడుగునా ఒకటే మాట మనసులో చెప్పుకున్నాడు. ఆ చెయ్యి నాదే అక్కా.

విడీ ఘర్కుల్‌లో అడుగుతూ చేరేసరికి సుందరాబాయి తలుపుకు తాళం ఉంది. పక్కింటి అరుగు మీద ఆరతి అనే అమ్మాయి చాటలో బీడీ ఆకు కత్తిరిస్తోంది. అతని చేతిలోని కవరు చూసి కత్తెర ఆపింది.

"ఫోటోకాకా నువ్వేనా?" అంది. "సుందరా మౌశి పోయి నెల దాటింది. పండుకున్నది పండుకున్నట్టే పోయింది."

పెంటప్ప అరుగు మీద కూర్చుని కవరులోంచి ఫోటో తీశాడు. ఆరతి ఫోటో తీసుకుని చాలాసేపు చూసింది. చిన్నప్పుడు కోమల్ తనకు జడ వేసేదని చెప్పింది. ఆ చెయ్యి ఎవరిదని అడగలేదు. అడిగితే చెబుదామని అతను ఎదురుచూశాడు.

తరువాత ఆమె తన దగ్గరున్న తాళంచెవితో సుందరాబాయి ఇంటి తాళం తీసింది. చుట్టాలు వచ్చి మంచం, గిన్నెలు పట్టుకుపోయారట. ఖాళీ గది. గోడ గూట్లో మాత్రం ఒక డబ్బీ ఉంది.

"ఆకు కోసెటందుకు కండ్లద్దాలు ఎన్నడు పెట్టలే మౌశి. వేళ్ళకే ఎరుక అంటుండె. నువ్వు ఫోటో ఇస్తవని చేయించుకున్నది. బిడ్డ మొఖం సాఫ్‌గ కనబడాలె అన్నది. అవి ఇంకెవరికీ నప్పవు గద, ఎవ్వరు తీస్కపోలే."

పెంటప్ప డబ్బీ తెరిచాడు. కొత్త కళ్ళద్దాలు కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి. దుకాణంవాళ్ళు అంటించిన చిన్న గుండ్రటి కాగితం ఇంకా ఒక అద్దం మీద అట్లాగే ఉంది.