ట్రక్కులో గాజు గిన్నెలు

నా భార్య కొరీన్ పోయింది మార్చిలో, ఒక మంగళవారం. ఆ రోజు నాకు రెండు ఇంటర్వ్యూలున్నాయి. మొదటిది అయిపోయింది. రెండోదానికి వచ్చిన ఆవిడ నా ఎదురుగా కూర్చొని, పిల్లలతో తనకెంత ఓపికో చెబుతుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ మాట పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు లేచాను. ఎందుకు ఆగానో తెలియదు. అలవాటు కావచ్చు.

చాలా ఏళ్లు ఆరో తరగతికి లెక్కలు చెప్పి, తర్వాత మా డులూత్ ఊరి బడుల కార్యాలయానికి మారాను. పనిలోకి మనుషుల్ని ఎంచడం నా పని. టీచర్లు, వంటవాళ్లు, బస్సు డ్రైవర్లు. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరసలో, అవే మాటల్లో. ఇంటి సంగతులు అడగకూడదు. పెళ్లయిందా, పిల్లలున్నారా, ఒంట్లో బాగుంటుందా, ఏదీ అడగకూడదు. వచ్చినవాళ్లు గదిలో చెప్పనిదాన్ని మేము గదిలోకి తీసుకురాకూడదు. ఈ కట్టుబాటు మంచిదే. మార్చి తర్వాత మరీ మంచిదనిపించింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరి బతుకు గురించీ ఏమీ తెలుసుకోకుండా గడిపేయవచ్చు.

అక్టోబరులో బస్సు డ్రైవరు పనికి ఆరిన్ హాల్వర్సన్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. ముందు తలుపు తాళం పాడైపోవడంతో, వెనక తలుపు చూపించడానికి నేనే పార్కింగులోకి వెళ్లాను. అతను ట్రక్కు దిగుతున్నాడు. పక్క సీటు మీద గాజు గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కదలకుండా సీటు బెల్టు వేసి ఉన్నాయి. అన్నీ బోర్లించి ఉన్నాయి. ఒక్కోదాని అడుగున కాగితపు టేపు, దాని మీద పెన్నుతో ఒక పేరు. ప్రతి గిన్నె మీదా వేరే పేరు.

మా వైపు పుట్టిపెరిగినవాడికి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఇంట్లో మనిషి పోతే చర్చివాళ్లు, ఇరుగుపొరుగు కూర వండి ఇలాంటి గాజు గిన్నెల్లో తెచ్చిస్తారు. తిన్నాక కడిగి, అడుగున పేరు చూసి ఎవరిది వాళ్లకు తిరిగివ్వాలి.

"ఎలా ఉన్నారు?" అన్నాను. అది అందరినీ అడిగే మాటే.

"ఇంతకన్నా అధ్వానంగానూ ఉండొచ్చు కదా," అన్నాడు. అదీ మా వైపు అందరూ చెప్పే మాటే.

గదిలో మేము ముగ్గురం. బడి ప్రిన్సిపాల్ ఆర్డిస్, బస్సుల పెద్ద లైల్ మాకీ, నేను. ఆరిన్ చేతులు బల్ల మీద పెట్టుకుని, అడిగినదానికి అడిగినంతే చెప్పాడు. ముప్పై ఏళ్లు సరుకు లారీలు నడిపాడు. ప్రమాదాలు లేవు. ఆఖరి ప్రశ్న, ఈ పని ఎందుకు కావాలనుకుంటున్నారు?

చాలామంది ఇక్కడ అబద్ధం చెబుతారు. చెప్పాలని మేమూ ఎదురుచూస్తాం. పిల్లలంటే ప్రాణం అనాలి.

"పొద్దున్నే లేవడానికి ఏదో ఒక పని ఉండాలి," అన్నాడు ఆరిన్.

అతను వెళ్లాక లైల్ కుర్చీ వెనక్కి వాల్చాడు. "లేవడానికైతే అలారం కొనుక్కోవచ్చుగా! మనల్ని ఉద్యోగమడగడం దేనికి?"

"ఊరుకో లైల్," అంది ఆర్డిస్. "కానీ ఒక్కసారైనా నవ్వాడా? తెల్లారకుండా, చలిలో వణుకుతూ బస్సెక్కే పిల్లలు మొదట చూసేది డ్రైవరు మొహమే. ఆ మొహం చూస్తే మా ఒకటో తరగతి వాళ్లు కిందికి దిగిపోతారు."

"మా ఇంట్లో ఫ్రిజ్‌కి ఇంతకన్నా హుషారుంటుంది," అన్నాడు లైల్.

మార్కుల కాగితంలో ఉత్సాహం అనే గడిలో ఇద్దరూ ఐదుకు ఒక్కో మార్కే వేశారు. అంతటితో అతని పని అయిపోయినట్టే. గిన్నెల సంగతి నాకు తెలుసు. అతను గదిలో చెప్పలేదు. చెప్పే హక్కు నాకు లేదు.

"ఏప్రిల్లో నా మొహం ఎలా ఉండేది?" అని అడిగాను.

ఇద్దరూ నా వైపు చూశారు. కొరీన్ పేరు ఆ గదిలో ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తలేదు.

"నీ సంగతి వేరు ఎమ్మెట్," అంది ఆర్డిస్ మెల్లగా.

"వేరే కావచ్చు. నన్ను తీసేయలేదు కదా. పని ఆగలేదు కదా. అతనిచేత బస్సు నడిపించి చూద్దాం."

లైల్ కాసేపు పెన్ను తిప్పాడు. "సరేనయ్యా. నడపనీ. ఎటూ నా బస్సే కదా గుద్దుకునేది."

గురువారం ఖాళీ బస్సులో లైల్, నేను ముందు సీట్లలో కూర్చున్నాం. ఆరిన్ నెమ్మదిగా కొండ దిగాడు. దిగినంతసేపూ లైల్ తన బావమరిది పడవ మునిగిన కథ చెబుతూనే ఉన్నాడు. కింద సరస్సు బూడిద రంగులో ఉంది. రేవు దగ్గర రైలు పట్టాలు వచ్చాయి. బడి బస్సు ప్రతి రైలు పట్టాల ముందూ ఆగాలి, తలుపు తెరవాలి, చెవిపెట్టి వినాలి. పరీక్షకు వచ్చినవాళ్లు తలుపు అలా తెరిచి ఇలా మూస్తారు.

ఆరిన్ ఆపాడు. కిటికీ దించాడు. తలుపు తెరిచాడు. ఆపైన ఖాళీ సీట్ల వైపు తిరిగి, అక్కడ పిల్లలున్నట్టే, "ఒక్క నిమిషం మాట్లాడకండమ్మా," అన్నాడు.

లైల్ పడవ కథ మధ్యలో నోరు మూశాడు.

చల్లగాలి లోపలికి వచ్చింది. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆరిన్ తల కొంచెం వంచి ఒకవైపు విన్నాడు, ఇంకోవైపు విన్నాడు. రైలు లేదు. తలుపు మూసి, పట్టాలు దాటించాడు.

"నన్ను కూడా నోరు మూయించాడు చూడు," అన్నాడు లైల్ నా చెవిలో. కొంత దూరం పోయాక, "ఆర్డిస్‌కి నేను చెబుతాలే," అన్నాడు.

సోమవారం నేనే ఫోన్ చేశాను. ఉద్యోగం మీదే అన్నాను.

"మంచిది," అన్నాడు ఆరిన్. "ఆ రోజు నా ట్రక్కులో గిన్నెలు చూశారు కదా."

"చూశాను."

"లోపల చెప్పలేదేం?"

"మీరు చెప్పలేదు కదా."

"మా ఆవిడ," అన్నాడు. "సెప్టెంబరులో." తర్వాత, "మీరు ఆ టేపుల వంక చూసిన తీరు చూస్తే, మీ ఇంట్లోనూ అలాంటి గిన్నెలున్నాయని తెలిసింది. మీవి ఇచ్చేశారా?"

"ఇంకా లేదు."

"నేను ఒక్కొక్కటే ఇస్తున్నాను. గుమ్మంలో ఇచ్చి వచ్చేద్దామంటే ఊరుకోరు. కూర్చోమంటారు, కాఫీ తాగమంటారు. ఆవిడ గురించి అడుగుతారు. కష్టంగానే ఉంటుంది. అయినా వెళ్తున్నాను."

వచ్చే సోమవారం నుంచి పనిలోకి రావచ్చని చెప్పి ఫోన్ పెట్టేశాను.

నా వంటింట్లో గిన్నెలు కడిగి ఉన్నాయి. బల్ల మీద, గోడ పక్కన, బోర్లించి. అన్నిటికన్నా పైదాని మీద ఆర్డిస్ పేరుంది. ఇంటర్వ్యూలకు వచ్చినప్పుడల్లా ఎదురుపడుతుంది, గిన్నె గురించి ఒక్కసారీ అడగలేదు. నేను ఇంకా ఒక్కటీ తిరిగివ్వలేదు.