అల ఎంతవరకు వచ్చింది

మధ్యాహ్నం రెండు దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న వ్రిసాకి ఊళ్లో దుకాణాల షట్టర్లు దిగుతాయి. ట్రాము కూడా ఖాళీగా, బద్ధకంగా పోతుంది. ఊరంతా కునుకు తీసే ఆ వేళ స్తమాతాకు మాత్రం నిద్ర రాదు. ఎనభై మూడేళ్ల మనిషి, నల్ల గౌను వేసుకుని, సముద్రానికి ఎదురుగా గుమ్మంలో కుర్చీ వేసుకుంటుంది. కాసేపటికి ఆమె కళ్ల ముందు ఊరు పలచబడటం మొదలవుతుంది. ఆరంతస్తుల భవనాల వెనక నుంచి బార్లీ చేలు తేలి వస్తాయి. ట్రాము పట్టాల కింద ఉప్పు నేల తెల్లగా మెరుస్తుంది. కొండ మీంచి దిగే వాగును ఎప్పుడో గొట్టాల్లోకి తోసి పైన తారు పోశారు. అయినా మందుల షాపు ముందుకు రాగానే ఆమె కాలు ఇప్పటికీ ఒక పెద్ద అంగ వేస్తుంది. చూసినవాళ్లు పాపం మోకాళ్ల నొప్పులనుకుంటారు. ఆమె వాగు దాటుతోందని వాళ్లకేం తెలుసు!

ఊరు పెరిగిన తీరూ చిత్రమే. చేను ఉన్నవాడు చేనును కాంట్రాక్టరు చేతిలో పెట్టి, లేచిన భవనంలో రెండు ఫ్లాట్లు పుచ్చుకున్నాడు. ముందు కట్టించుకున్నవాడికి బాల్కనీలోంచి సముద్రం కనబడింది, వాడి ముందు ఇంకొకడు కట్టేదాకా. అందరూ అలా సముద్రం కోసం మెడలు సాచి సాచి పైకి పెరిగారు. స్తమాతా మాత్రం రోడ్డుకు దిగువన, మొగుడు అనేస్తిస్ తన చేత్తో కట్టిన రెండు గదుల్లోనే ఉండిపోయింది. అతను పోయి ఇరవై ఏళ్లయినా ఆమె కదల్లేదు.

ఇప్పుడు ఆ రెండు గదులకే ముప్పు వచ్చింది. ఒడ్డు ఎక్కడిదాకానో గీత గియ్యడానికి సర్కారు కొలతలవాళ్లను పంపింది. చలికాలపు అల ఎంతదూరం ఎక్కితే అంతవరకు నేల సముద్రానిది, అంటే అందరిదీ. అక్కడ ఎవరి ఇల్లూ ఉండకూడదు, ఉంటే కూల్చేస్తారు. పాతకాపులను అడిగి మరీ రాసుకుంటున్నారు.

అడగడం దాకా ఎందుకు, స్తమాతా ఇంట్లోకి అల వచ్చిన సంగతి ఊళ్లో తెలియనివాడు లేడు. అరవై ఏళ్లుగా ప్రతి పండగకీ ఆమే చెబుతోంది మరి. పంతొమ్మిది వందల అరవై ఒకటి ఫిబ్రవరిలో దక్షిణపు గాలి విరుచుకుపడింది. పట్టపగలే అల తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. పిండి కలిపే చెక్క తొట్టిలో నాలుగు నెలల ఫ్రోసో పడుకుని ఉంది. నీళ్లు ఆ తొట్టిని ఎత్తుకుని, గదంతా ఒక చుట్టు తిప్పి, పొయ్యి పక్కన మెల్లగా దించి వెనక్కి పోయాయి. పిల్ల కిలకిల నవ్వుతోంది. ఆ ఫ్రోసో ఆరో ఏట జ్వరంతో పోయింది. ఒక్క ఫొటో అయినా తీయించలేదు. ఆ పిల్ల గురించి మిగిలిందల్లా ఈ కథే.

కాఫీ కొట్టు పాందెలీస్ ఈ కథ వింటూ పెరిగినవాడే. కొలతలవాళ్లు వస్తారనగా ముందురోజు రోడ్డు దాటి పరుగున వచ్చాడు.

"అత్తా, నీకు దండం పెడతా. రేపొక్కరోజు నోరు కుట్టేసుకో. అల లేదు, తొట్టి లేదు. ఈ గచ్చు ఎప్పుడూ తడవలేదు. సరేనా?"

"అరవై ఏళ్లు చెప్పి చెప్పి, రేపు లేదనమంటావురా?"

"ఇల్లు కావాలా, కథ కావాలా?"

"మరి ఫ్రోసో?"

పాందెలీస్ బుర్ర గోక్కుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు కొలతలకు వచ్చినామె పేరు మిర్సినీ. ముప్పై ఏళ్లుంటాయేమో, చెప్పుల నిండా ఇసుక. స్తమాతా ఆమెకు కాఫీ, చిన్న పళ్లెంలో నారింజ మురబ్బా పెట్టింది. పాందెలీస్ గుమ్మం దగ్గర నిలబడి గుడ్లు మిటకరిస్తున్నాడు.

"చెప్పండమ్మా. మీకు తెలిసినంతలో అల ఎందాకా వచ్చింది?"

కిటికీలోంచి వెలుగు నీళ్లలా వచ్చి గచ్చు మీద కదులుతోంది. స్తమాతా దాన్నే చూస్తూ ఉండిపోయింది. పొయ్యి వైపు మాత్రం చూడలేకపోయింది.

"బయట ఆ రాయి దాకా," అంది. "అది దాటి ఎప్పుడూ రాలేదు తల్లీ."

"ఇంట్లోకి?"

"రాలేదు."

అనేసింది. మిర్సినీ రాసుకుని కాగితం ముందుకు జరిపింది, స్తమాతా సంతకం పెట్టింది. పాందెలీస్ గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఈయనెందుకమ్మా ఇంత కంగారు పడుతున్నారు?" మిర్సినీ సంచీ తగిలించుకుని లేస్తూ నవ్వింది. "ఎప్పుడో ఒకసారి ఇంట్లోకి వచ్చి ఉన్నా ఫరవాలేదు. అలాంటి పెద్ద అల లెక్కలోకి రాదు. మాకు ఏటా వచ్చేదే కావాలి. ఇల్లు ఎటూ మీదే."

స్తమాతా చెయ్యి చాచి ఆ కాగితం మీద పెట్టింది.

"వచ్చింది," అంది. "ఇది చింపెయ్. వచ్చింది తల్లీ. నా పిల్లను ఎత్తుకుని ఆడించి మరీ పోయింది. నేను కాదన్నాను. కన్నతల్లిని, కాదన్నాను."

"అత్తా, పని అయిపోయింది కదా, ఇప్పుడెందుకు..."

"నువ్వు నోర్ముయ్ రా!"

ఆమె కళ్లవెంట నీళ్లు ధార కడుతున్నాయి. మిర్సినీ పాందెలీస్‌ని చూసింది, ఆమెను చూసింది, సంచీ దించి మళ్లీ కూర్చుంది. పాత కాగితం చింపి కొత్తది తీసింది. స్తమాతా అంతా చెప్పింది, ఒక్క ముక్క వదలకుండా. మిర్సినీ మధ్యలో ఒక్కసారే ఆపి పాప పేరు అడిగింది.

"చదువు," అంది స్తమాతా. "నాకు కళ్లద్దాల్లేవు."

"'1961 ఫిబ్రవరిలో అల ఇంట్లోకి వచ్చి, ఫ్రోసో అనే పసిపాప పడుకున్న తొట్టిని పొయ్యి దాకా మోసింది. ఇది లెక్కలోకి రాదు.'"

"ఆ రెండోమాట నీది," అంది స్తమాతా. "దాని కింద నువ్వు సంతకం పెట్టుకో. మొదటిదాని కింద నేను పెడతాను."