పేరు కొట్టిన గ్లాసు

నేను ఒక ఇత్తడి గ్లాసును. గుండ్లవాగు అడ్డరోడ్డు దగ్గర చలివేంద్రంలో, ఇసుకలో కూర్చోబెట్టిన మూడు కుండల పక్కన నా కొలువు. నాతో నీళ్లు తాగిన పెద్దమనుషులు మూతి తుడుచుకుంటూ అనే మాట ఒకటే: "ఈ కాలం పిల్లల్లో నీతి కారిపోతోందండీ." అరవై ఏళ్ల కిందట కూడా అచ్చంగా ఇదే మాట విన్నాను. అందుకే నాకో సందేహం. అరవై ఏళ్లుగా కారుతున్నది ఇంకా అయిపోలేదంటే, మొదట్లో ఎంత పెద్ద కుండలో పోశారో!

నన్ను చేసినవాడు కంచరి మల్లాచారి. ఆయన సమ్మెట దెబ్బకి వాగవతల ఊళ్లో పాలు విరిగిపోయేవట. నేను చూడలేదు. దెబ్బలు తింటున్నదాన్ని, ఎక్కడ చూస్తాను? ఆ ఏడాది ఎండలు మాత్రం బాగా గుర్తు. కాకి వాలితే దాని నీడ నేలకి అంటుకుపోయేది. కాకి ఎగిరిపోయినా నీడ అక్కడే ఉండిపోయేది. సాయంత్రం చల్లబడ్డాక వచ్చి తీసుకెళ్లేది.

చేయించింది శేషమ్మ అనే ఒంటరి ముసలావిడ. "పేరు కొట్టమంటారా అమ్మా?" అనడిగాడు మల్లాచారి. మా వైపు చెంబు కొన్నా, బిందె దానమిచ్చినా, దాని మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించుకోకపోతే మనిషికి అన్నం సయించదు. ఆవిడ మాత్రం "దాహమేసినోడు చదువుకుంటా తాగుతాడా ఏంది? వద్దులే" అంది. అలా నా ఒళ్లు ఖాళీగా ఉండిపోయింది. నా కథంతా ఆ ఖాళీ వల్లే వచ్చింది. ఆ వేసవి దాటకుండానే ఆవిడ పోయింది.

ఆ రోజుల్లో నన్ను ముట్టుకునే హక్కు అందరికీ లేదు. కొందరు దూరంగా వంగి దోసిలి పడితే, పైనుంచి పోసేవాళ్లు. నన్ను అంత ఎత్తున పట్టుకున్న చేతులే ఆ పక్కనే అరుగు మీద కూర్చుని, కుర్రకారు చెడిపోతోందని తెగ బాధపడేవి. ఆ బాధేమిటో నాకు అప్పుడూ అర్థం కాలేదు.

అప్పుడు ఊళ్లో చెన్నకేశవులు అని పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఉండేవాడు. ఉంగరాల జుట్టు, జేబులో దువ్వెన. ఒక మిట్టమధ్యాహ్నం వచ్చి నీళ్లు తాగాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. కండువాలో చుట్టి నన్ను పట్టుకుపోయాడు. వాళ్లింట్లో గ్లాసులు లేవా అంటే బోలెడున్నాయి. నేను మెరుస్తున్నాను, ఎవరూ చూడటం లేదు. అంతకు మించిన కారణం ఉందేమోనని ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఆ వారమే పేర్లు కొట్టేవాడు వీధిలోకొచ్చాడు. ఎవరైనా అడిగితే నాదేనని చెప్పొచ్చని, చెన్నకేశవులు నా ఒంటి మీద "గ. చెన్నకేశవులు" అని కొట్టించాడు. ఆనవాలు తెలియకుండా చింతపండు పెట్టి తళతళా తోమాడు. మర్నాడే వాళ్ల నాన్న జొన్నల గాదెలో చెయ్యి పెడితే నేను తగిలాను. ఆయన కొడుకుని ఒక్కటి పీకి, నన్ను తెచ్చి కుండ మీద బోర్లించి వెళ్లిపోయాడు.

కాసేపటికి సర్పంచి వచ్చి, నన్ను తిప్పి చూసి, పేరు చదివాడు. "ఓరోరి! పాత గ్లాసు ఎవడో ఎత్తుకుపోతే, మన కేశవులు సొంతంగా కొత్తది చేయించి పెట్టాడయ్యా! ఈ పాడుకాలంలో ఇలాంటి బిడ్డ!"

పేరున్నవాడు దాత కాకపోతే ఇంకెవరు? ఊరంతా అలాగే అనుకుంది. చెన్నకేశవుల మెడలో బంతిపూల దండ పడింది. వాడు ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత అరవై ఏళ్లపాటు మళ్లీ మూయలేదు. చలివేంద్రానికి ఆయనే పెద్ద, పందిట్లో ఏకైక కుర్చీ ఆయనది, నీతి మీద పలుకు ఆయనది. పెద్దరికం వచ్చాక చేసిన మొదటి పని నా మెడకి గొలుసు వెయ్యడం. ఎత్తుకుపోవడం ఎంత తేలికో ఊళ్లో అందరికంటే ఆయనకే బాగా తెలుసు మరి.

ఇక ఈ వేసవి సంగతి. డిగ్రీ చదివే స్రవంతి అనే పిల్ల, ఇంకో నలుగురు కుర్రాళ్లూ వంతులేసుకుని కుండలు నింపుతున్నారు. ఒకరోజు ఆ పిల్ల చెన్నకేశవులుతో అంది:

"తాతా, గొలుసు తీసేద్దాం. మరీ పొట్టిగా ఉంది. నిన్న ఒక అవ్వ వంగలేక, దాహంతోనే బస్సెక్కింది."

"తీస్తే పొద్దుగూకేలోపు గ్లాసు మాయం. మీ వయసోళ్ల సంగతి నాకు తెలీదా ఏందే! చెవికి పోగు, నెత్తిన కోడిజుట్టు. మా కాలంలో ఇట్టా ఉన్నామా?"

"మీ కాలంలోనూ గ్లాసు పోయిందంటగా తాతా?"

గొలుసు గలగలమంది. నవ్వింది నేనే.

చెన్నకేశవులుకి రోషమొచ్చింది. "సరే, పందెం! అమావాస్య నుంచి అమావాస్య దాకా గొలుసు తీస్తా. గ్లాసు ఉంటే ఈ చలివేంద్రం మీది, ఈ కుర్చీ మీది, పిల్లల నీతి గురించి నేను నోరెత్తను. పోయిందా, మీరెవరూ మళ్లీ ఈ పందిట్లో కాలు పెట్టగూడదు."

ఆ నెల నాకు పండగే. ఎవరు ఎత్తుకుపోతారా అని వచ్చినవాడినల్లా ఆత్రంగా చూశాను. జుట్టుకి ఎర్రరంగేసుకున్న ఒకడు నన్ను పట్టుకుని రోడ్డు దాటేశాడు. హమ్మయ్య, దొరికాడు అనుకున్నాను. వాడు బస్సు కిటికీలో ఉన్న ముసలాయనకి నీళ్లందించి, తిరిగి తెచ్చి పెట్టాడు. ఒక లారీ డ్రైవరు మతిమరుపున పది అడుగులు మోసుకుపోయి, నాలిక్కరుచుకుని వెనక్కొచ్చాడు. నా అంచనాలన్నీ తప్పాయి.

ఆఖరి రోజు, మిట్టమధ్యాహ్నం. పందిట్లో పురుగు లేదు. చెన్నకేశవులు వచ్చి నీళ్లు తాగాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. కండువా కొత్తదే, చూపు మాత్రం పాతదే! ఎనభై ఏళ్ల చేతులు నన్ను చుడుతుంటే, తడిక వెనక బిందె చంకనెత్తుకుని నిలబడిపోయిన స్రవంతి మొహం నా ఒంటి మీద తళుక్కుమంది. ఆయన చూడలేదు.

సాయంత్రం జనం పోగయ్యారు. "చూశారా! నేను చెప్పలా?" అన్నాడు ఆయన, కుర్చీలో సర్దుకుంటూ. కండువా మడతలో నేను అంతా వింటున్నాను.

ఎర్రజుట్టువాడు గొడవకి దిగబోతే స్రవంతి చెయ్యి పట్టుకుని ఆపింది. "ఓడిపోయాం తాతా. రేపట్నుంచి రాం" అంది. చూశానని ఒక్క మాట చాలు, పందిరీ కుర్చీ తనవే. ఆ ఒక్క మాటా అనలేదు. అందరూ వెళ్లాక మాత్రం దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది.

"తాతా, గ్లాసు లోపల అడుగున చిలుము పట్టింది. చింతపండు పెట్టి బాగా తోమించు."



ఆయన ఇంటికెళ్లి నన్ను తనే తోమాడు. పేరు దగ్గరికొచ్చేసరికి బొటనవేలు ఆగిపోయింది. తెల్లారి అందరినీ పిలిపించి, నన్ను కుండ మీద పెట్టి చెప్పాడు: "తీసింది నేనే. నిన్నే కాదు, అరవై ఏళ్ల కిందట కూడా నేనే."

ఇప్పటి సర్పంచి నన్ను అందుకుని తిప్పి చూశాడు. తళతళలాడుతున్నాను. పేరు చదివాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "విన్నారా! పోయినదాని బదులు మళ్లీ కొత్తది చేయించి, పిల్లల మీదికి మాట రాకూడదని నిందంతా తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఈ కాలం కుర్రాళ్లలో ఉందా ఈ గుణం?"

"ఒరేయ్, దొంగనురా!" అని అరిచాడు చెన్నకేశవులు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో బంతిపూల దండకి పరిగెత్తారు. ఆయన దిక్కుతోచక స్రవంతి వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పవే!"

"నాకేం తెలుసు తాతా?" అంది స్రవంతి నవ్వాపుకుంటూ. "నేను ఈ కాలం పిల్లని."

దండ ఆయన మెడలో పడింది. ఆయన దాన్ని తీసి నా మీద వేసి, కుర్చీని స్రవంతి వైపు జరిపి, గొలుసు చేతబట్టుకుని ఇంటికెళ్లిపోయాడు. దాంతో ఇప్పుడు దూడని కట్టేస్తున్నారట.

నన్ను రెండుసార్లు దొంగిలించారు. రెండుసార్లూ ఒక్కడే. ఒకసారి కుర్రాడు, ఒకసారి ముసలాడు. ఇందులో నీతి ఎటు కారిందో మీరు చెప్పగలరేమో, నాకైతే అంతుబట్టలేదు. దొంగని పట్టుకున్న పిల్ల తనే ఓడిపోయానని ఎందుకందో అది అసలే అంతుబట్టలేదు.

ఎదురుగా బైకు ఆగింది. ఎర్రజుట్టు. ఇటు చూశాడు, అటు చూశాడు.

తాగు నాయనా, తాగు. చూద్దాం.