కాలిదా, కారుదా

ఆ కారు ఎక్కడ పడితే అక్కడ ఆగేది కాదు. ఇంటి ముందో పెట్రోలు బంకులోనో ఆగి ఉంటే నలుగురూ చేరి తలా ఒక మాట అనేవారు, అసలు సంగతి ఏదో తేలేది. అది మాత్రం కాచుకుని కాచుకుని, వెనక పెద్ద బండి తరుముకొస్తున్నప్పుడు, ముందుకు దూకాలని యాక్సిలరేటర్ మీద కాలు గట్టిగా వేసినప్పుడే ప్రాణం వదిలేది. మళ్లీ తాళం తిప్పగానే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చునేది.

దాన్ని నడిపే ఆవిడను ఆ చుట్టుపక్కల అందరూ సూదమ్మ అనేవారు. ల్యాబ్ తరఫున పొద్దున్నే ఇళ్లకు వెళ్లి, రక్తం తీసి, గొట్టాలను ఐసు పెట్టెలో సర్దుకుని తీసుకురావడం ఆవిడ పని. ఎంత తేలిక చెయ్యంటే, కళ్లు గట్టిగా మూసుకుని "గుచ్చేముందు చెప్పండమ్మా" అని బతిమాలేవాళ్లకు, అప్పటికే దూది అద్ది మోచెయ్యి మడవమని చెబుతూ ఉండేది. కారు ఆవిడ మామగారిది. ఆయన పోయాక, టైలరింగు షాపున్న భర్తే ఆవిడకు డ్రైవింగు నేర్పాడు. నేర్చుకునేటప్పటికి నలభై దాటాయి. అయినా ఎన్నో ఏళ్లు ఏ గీతా పడకుండా నడిపింది. ఈ మధ్యనే ఈ జబ్బు పట్టుకుంది.

మొదట రెండుసార్లు ఆగినప్పుడు రోడ్డు ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది. మూడోసారి వెనక సీట్లో అత్తగారు ఉంది. కంటి ఆపరేషనుకు ముందు చేసే పరీక్షలు చేయించుకుని ఇద్దరూ ఇంటికి వస్తున్నారు. ఫ్లైఓవర్ ఎక్కే చోట పక్కదారి పెద్దరోడ్డులో కలుస్తుంది. అద్దంలో లారీ దూరంగానే కనిపించింది. సూదమ్మ రెండో గేరు వేసి గట్టిగా నొక్కింది. కారు ఉరికినట్టే ఉరికి, ఒక్క కుదుపు కుదిపి చచ్చిపోయింది. ఎదురుగా ఎర్రదీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. స్టీరింగు రాయిలా బిగుసుకుంది. వెనక నుంచి హారన్, ఆ తరవాత బ్రేకులు రోడ్డును గీరిన చప్పుడు. కాలిన టైర్ల వాసన కారులోకి వచ్చింది.

అద్దంలో ఆకాశం లేదు, రోడ్డు లేదు, లారీ ముఖం ఒక్కటే ఉంది.

సూదమ్మ తాళం తిప్పింది. కారు బుద్ధిగా స్టార్టయింది. రోడ్డు వార పట్టుకుని, మొదటి గేరులోనే ఫ్లైఓవర్ దాటించింది. దిగాక అత్తగారే నోరు విప్పింది.

"నాకు చూపు ఆనదంటారు గానీ అమ్మాయ్, ఆ లారీ అబ్బాయికి పైవరసలో ఒక పన్ను లేదు."

సూదమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. 

సాయంత్రం భర్త కారు తీసుకుని వీధులన్నీ తిరిగి వచ్చాడు. ఎక్కడా ఆగలేదు. ఆయన కారును కూడా కుట్టుమిషను మీద పట్టుబట్ట నడిపినట్టు నడుపుతాడు. తాళాలు మేకుకు తగిలిస్తూ, "బండిలో ఏం లేదు. క్లచ్ తొందరపడి వదిలేస్తున్నావు. నీ కాలు నీ మాట వినడం లేదు," అన్నాడు. అని, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

ఆయనకు అది నోటికి వచ్చిన మాట. ఆవిడకు గుండెలో దిగింది.

ఎందుకంటే సూదమ్మ వాళ్లమ్మకు సరిగ్గా ఈ వయసులోనే కాళ్ల నరాలు చచ్చుబడ్డాయి. మొదట్లో కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఒట్టి కాలితో వంటింట్లోకి వచ్చి, "ఇంకో చెప్పేదే?" అని ఆవిడే వెతుక్కునేది. అందరూ నవ్వేవారు. ఆ తరవాత గోడలు పట్టుకుని నడిచింది. ఆ తరవాత నడవలేదు.

ఆ రోజు నుంచి సూదమ్మ స్నానానికి వెళ్లి తలుపు గడియ పెట్టుకుని, కొత్త సూది విప్పి, క్లచ్ తొక్కే ఎడమ కాలి అరికాల్లో పొడుచుకుని చూసుకోవడం మొదలుపెట్టింది. మడమ దగ్గర తెలిసేది. వేళ్ల కింద ఒకసారి తెలిసినట్టుండేది, ఒకసారి తెలియనట్టుండేది. కళ్లు మూసుకుని పొడుచుకునేది. ఇంకాస్త లోతుగా పొడుచుకునేది. ఊరందరి రక్తనాళాలూ వేలితో తడిమి చెప్పగలిగిన మనిషికి తన కాలి సంగతి తనకు అంతుపట్టలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే మేకున ఉన్న తాళాలు ఇక తన చేతికి రావని తెలుసు. తాళాలు పోతే పని పోతుంది.

ఫ్లైఓవర్ మానేసి సందుల్లోంచి తిరిగి వెళ్లడం మొదలుపెట్టింది. ల్యాబుకు ఆలస్యమయ్యేది. వెనక ఏ బండి కనిపించినా పక్కకు ఆపి దారి ఇచ్చేసేది. ఒకరోజు సైకిలుకు కూడా ఇచ్చింది. ఆ సైకిలాయన వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ పోయాడు. అప్పుడు ఆవిడకు తన మీద తనకే జాలి వేసింది. నేరుగా మెకానిక్ షెడ్డుకు పోనిచ్చింది.

ఆ మెకానిక్‌ను అందరూ నిదానం అంటారు. మాటకు ముందొక నిదానం, మాటకు తరవాతొక నిదానం. భారీ మనిషి. బానెట్ ఎత్తకుండా ముందు స్టూలు వేసి ఆవిణ్ణి కూర్చోబెట్టాడు.

"నిదానంగా చెప్పండమ్మా. నిలబడి ఉన్నప్పుడు ఆగుతుందా?"

"లేదు."

"వెనక్కి తీసేటప్పుడు?"

"ఎప్పుడూ ఆగలేదు."

"మెల్లగా వెళ్తుంటే?"

"లేదండి. గట్టిగా తొక్కితేనే. అది కూడా ఒకటి, రెండు గేర్లలో." గొంతు తగ్గించి, "మా ఆయన నడిపితే అసలు ఆగదు," అంది.

నిదానం ఆ చివరి మాటకు తల కూడా ఎత్తలేదు. ఆ రోజంతా కారు అక్కడే ఉంచుకున్నాడు. పెట్రోలు ఫిల్టరు మార్చాడు, ప్లగ్గులు చూశాడు, పంపు ఒత్తిడి కొలిచాడు. అన్నీ బాగానే ఉన్నాయి. తను నడిపితే ఆగలేదు. మర్నాడు ఆవిడ వచ్చేసరికి తాళాలు చేతిలో పెట్టి పక్క సీట్లో కూర్చున్నాడు. కారు ఆయన వైపు ఒరిగింది.

"మీరు నడపండి. మీ దగ్గరే ఆగుతుంది కదా, మీ దగ్గరే చూస్తాను."

షెడ్డు వెనక ఎత్తుగా ఎక్కే ఖాళీ రోడ్డు ఉంది. సూదమ్మ దాని మీద రెండుసార్లు పైకీ కిందికీ నడిపింది. కారు ఆగలేదు.

"రోజూ ఇట్లాగే నడుపుతారా?"

"ఇదివరకు కాదు."

"మరి ఇదివరకులా నడపండి. వెనక లారీ వస్తోందనుకోండి."

అనుకోవాల్సిన పని లేదు. కళ్లు మూసినా తెరిచినా ఆ లారీ ముఖం అక్కడే ఉంది.  సూదమ్మ కింద నుంచి మొదలుపెట్టి, రెండో గేరు వేసి, కాలు నేలకు ఆనేలా తొక్కింది. కారు ఉరికింది, కుదిపింది, ఆగిపోయింది. ఆవిడ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని కళ్లు మూసుకుంది. పక్కన నిదానం కదలకుండా చెవి ఒగ్గి కూర్చున్నాడు.

"కింద దబ్‌మని చప్పుడైంది. విన్నారా?"

"లేదండి. నాకు నా గుండె చప్పుడే వినిపిస్తోంది."

"అయింది. మీ భయంలో మీకు వినపడలేదు గానీ ఆగే ముందు అయింది," అన్నాడు నిదానం. "పదండి షెడ్డుకి."

అక్కడికి వెళ్లేసరికి, కారు సంగతి కనుక్కుందామని భర్త వచ్చి ఉన్నాడు. మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయి షాపు నుంచి అలాగే వచ్చేశాడు. నిదానం ముందు చక్రాలకు అడ్డంగా చెక్కమొద్దులు పెట్టాడు, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగించాడు, బానెట్ ఎత్తాడు.

"అమ్మా, మీరు లోపలే కూర్చోండి. మొదటి గేరు వేసి, కొంచెం పెట్రోలు ఇస్తూ క్లచ్ సగం దాకా వదలండి. బండి కదలదు గానీ ఇంజన్ మీద బరువు పడుతుంది. నేను పక్కన నిలబడి చూస్తాను. బండి ముందు మాత్రం ఎవరూ ఉండొద్దు."

క్లచ్. ఎడమ కాలు. సూదమ్మకు చెమట పట్టింది. మొద్దులున్నాయి, బ్రేకుంది, నిజమే. కాని కాలు తెలియకుండా జారిందంటే మొద్దులెంత, బ్రేకెంత. గేరు వేసింది. మెల్లగా కాలు ఎత్తింది. ఇంజన్ గొంతు మారి కారంతా ముందుకు వంగినట్టు బిగుసుకుంది. ఎత్తిన బానెట్ వల్ల ఎదురుగా ఏమీ కనబడదు. కింద సన్నని సందు ఒకటే ఉంది. ఆ సందులోకి ఉన్నట్టుండి ఒక తెల్లచొక్కా వచ్చింది. సుద్దమరకలున్న చొక్కా. దాని మీద వేలాడుతున్న టేపు.

భర్త చూద్దామని బండి ముందుకు వచ్చి ఇంజన్ మీదికి వంగాడు. ఆయన వెనక గోడ.

"జరగండి," అంది. ఇంజన్ హోరులో ఆ మాట ఆవిడకే వినిపించలేదు. తొడ దగ్గర నుంచి కాలు అదరడం మొదలైంది. పాదం క్లచ్ మీద ఉందా, పక్కకు జారిందా? తెలియడం లేదు. నిజంగానే తెలియడం లేదు. అమ్మ చెప్పు ఇలాగే జారిపోయి ఉంటుంది. తల వంచి చూడాలంటే కాలు కదులుతుందేమోనని భయం. చూడకపోతే ఇంకా భయం. ఊపిరి బిగపట్టి, ఎడమ కాలిని ఉన్న బలమంతా పెట్టి కిందికి తొక్కింది. క్లచ్ నేలకు తగిలింది. తాళం తిప్పి ఇంజన్ ఆపింది. తాళంచెవి బయటికి లాగి పిడికిట్లో పట్టుకుని కారు దిగింది.

"ఏమైంది? ఎందుకాపావు?" అన్నాడు భర్త, వంగినవాడు వంగినట్టే.

"మీరు అవతలికి వెళ్లండి."

"నేను ఏం చేశాను? చూస్తున్నాను, అంతే కదా."

"వెళ్లండి. ఆ గేటు దాటి నిలబడండి. మీరు వెళ్తేగానీ నేను ఎక్కను."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఆ గొంతుతో మాట్లాడడం ఆయన వినలేదు. నిదానం కూడా మొదటిసారి తొందరపడ్డాడు. "ముందు నిలబడొద్దన్నాను కదయ్యా," అని ఆయన జబ్బ పట్టుకుని పక్కకు లాగాడు. భర్త గేటు అవతలికి నడిచాడు.

సూదమ్మ మళ్లీ ఎక్కింది.  బానెట్ కింది సందులో ఇప్పుడు గోడ ఒక్కటే కనబడుతోంది. గోడకు దెబ్బ తగిలితే తగలనీ. తాళం తిప్పి, గేరు వేసి, క్లచ్ మీంచి కాలు సగం ఎత్తి పెట్రోలు ఇచ్చింది. దబ్‌మని చప్పుడు. ఈసారి ఆవిడకూ వినిపించింది. వెంటనే పాము బుసకొట్టినట్టు ఒక గాలి శబ్దం, కుదుపు, నిశ్శబ్దం.

"దొరికింది," అన్నాడు నిదానం. "రండి, ఇద్దరూ వచ్చి చూడండి. ఇప్పుడు ఎక్కడైనా నిలబడొచ్చు."

ఇంజన్ నాలుగు దిక్కులా రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుందట. వాటిలో ఒకటి పూర్తిగా తెగిపోయింది. గట్టిగా తొక్కినప్పుడల్లా ఇంజన్ పైకి లేచి వెనక్కి ఒరుగుతోంది. ఒరిగినప్పుడు, దానికి గాలి తెచ్చే మడతల రబ్బరు గొట్టాన్ని లాగుతోంది. ఆ గొట్టం ఒక మడతలో పగిలి ఉంది. లాగినప్పుడు ఆ పగులు నోరు తెరుస్తుంది. లెక్కలో లేని గాలి లోపలికి దూరుతుంది. వచ్చే గాలి లెక్క చూసి పెట్రోలు ఇచ్చే బండి కాబట్టి, పెట్రోలు చాలక ఇంజన్ చస్తుంది. చచ్చాక ఇంజన్ తిరిగి తన చోట కూర్చుంటుంది, పగులు మూసుకుంటుంది. ఇక ఎవరు చూసినా ఏమీ కనబడదు.

"మీరు మెల్లగా నడుపుతారు కాబట్టి ఇంజన్ లేవదు," అన్నాడు నిదానం భర్తతో. "నేనూ అంతే. ఆవిడది అవసరం. రోడ్డు మీద తొక్కాల్సిన చోట తొక్కారు."

భర్త ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకుని మడత విప్పి చూశాడు. చీలిక పొడుగునా బొటనవేలితో రాశాడు, బట్టలో చిరుగు చూసినట్టు.  సూదమ్మ స్టూలు మీద కూలబడి ఎడమ కాలి బూటు విప్పేసింది. మేజోడు మీద చిన్న చిన్న రక్తపు చుక్కలు. ఆయన చూశాడు.

"ఏమిటిది?"

అప్పుడు చెప్పింది. అమ్మ సంగతి, సూది సంగతి, స్నానాల గది సంగతి. నిదానం పని ఉన్నట్టు షెడ్డు అవతలికి వెళ్లిపోయాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"కాలిదే తప్పని మీరే అన్నారు కదా. మళ్లీ నేనెందుకు చెప్పడం?"

ఆయన వంగి ఆవిడ విప్పేసిన బూటు చేతిలోకి తీసుకున్నాడు. "రేపు నరాల డాక్టరు దగ్గరికి వెళ్దాం," అన్నాడు. "కారులో కాదు. ఆటోలో వెళ్దాం. నాకు కూడా ఇప్పుడు కాళ్లు వణుకుతున్నాయి."

నరాలు నిక్షేపంగా ఉన్నాయని డాక్టరు తేల్చాడు. పొడుచుకున్న చోట్ల చీము పట్టిందని, సూదితో బతికే మనిషే ఇలా చేస్తే ఎలాగని గట్టిగా చీవాట్లు పెట్టాడు. అవి మానేదాకా నడవొద్దన్నాడు. ఈలోగా కారుకు కొత్త దిమ్మ, కొత్త గొట్టం పడ్డాయి.

భయం మాత్రం దిమ్మతో పాటు మారలేదు. మళ్లీ పనిలోకి వెళ్లిన మొదటి రోజు ఫ్లైఓవర్ మొదట్లో అరచేతులు చెమటతో జారాయి. పక్కన భర్త ఉన్నాడు. తోడు వస్తానని ఆయనే ఎక్కాడు. వెనక బస్సు వస్తోంది. "సందుల్లోంచి పోదామా?" అని అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, గేరు వేసి తొక్కింది. కారు తూలకుండా, ఆగకుండా పైదాకా ఎక్కింది, అవతల దిగింది.

దిగాక రోడ్డు పక్కన ఆపి, స్టీరింగు మీద తల ఆనించి కాసేపు ఊపిరి తీసుకుంది. ఏమీ జరగకపోయినా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన తొందర పెట్టలేదు. కాస్త తేరుకున్నాక ఆవిడ ముఖం తుడుచుకుని, వెనక సీట్లో ఐసు పెట్టె సరిగ్గా ఉందో లేదో చూసి, కారు తీసింది. తరవాతి ఇంటివాళ్లు చొక్కా చెయ్యి పైకి మడుచుకుని అప్పటికే గుమ్మంలో ఎదురుచూస్తున్నారు.