లెక్కకు ఒకరు ఎక్కువ

ఈలమ్మ తలుపు పక్కనున్న బకెట్టులో నీళ్లు మార్చింది. మంచం తలాపున మేకుకు వేలాడే టార్చిలైటు ఒకసారి వెలిగించి ఆర్పింది. కిటికీ గడియలో రెండు చుక్కలు నూనె వేసి, అటూ ఇటూ జరిపి చూసుకుని, అప్పుడు గానీ టీ గ్లాసు అందుకోలేదు. రోజూ ఇదే వరస. ఆ ఇంట్లో విడిచిన చెప్పులు కూడా వాకిలి వైపే మొహం పెట్టి ఉండాలి. చుట్టాలెవరైనా రాత్రికి ఉండిపోతే, బయటికి దారి ఎటో చూపించి, దీపం ఆర్పి, గోడ తడుముకుంటూ ఒకసారి నడిపించి మరీ పడుకోనిస్తుంది. అందుకే చుట్టాల రాకపోకలు తక్కువ.

అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఉంది. దాంతో పిలిచేవాళ్లు లేరు. పొట్టి మనిషి, ఎండిన ఒళ్లు, యాభై ఏడేళ్లు. మెడలో తెల్లతాడు, తాడుకు ఇత్తడి ఈల. తాడు ఒరిసి ఒరిసి మెడ చుట్టూ సన్నటి గీత పడింది. బళ్లకూ, ఆసుపత్రులకూ, ఫ్యాక్టరీలకూ వెళ్లి ఆపద వచ్చినప్పుడు ప్రాణాలు ఎలా దక్కించుకోవాలో నేర్పడం ఆమె ఉద్యోగం. పొగ పైకి లేస్తుంది, నేల మీద జానెడు ఎత్తు గాలి మిగులుతుంది, ఆ జానెడులోనే పాకండి అంటుంది. మూసిన తలుపును అరచేత్తో తాకొద్దు, చేతి వెనకవైపుతో తాకండి, అరచెయ్యి కాలితే ఇంకే పనికీ రాదు అంటుంది. కుడిచెయ్యి గోడకు ఆనిస్తే బయటపడేదాకా తియ్యొద్దు అంటుంది. విన్నవాళ్లు తలలూపి, పక్కవాళ్ల చెవుల్లో ఏదో అని నవ్వుకుంటారు. పెళ్లికి వెళ్లినా ఆమె పెళ్లికూతురి కంటే ముందు వెనక గుమ్మాన్ని చూసొస్తుందని, పెళ్లికొచ్చిందో తనిఖీకొచ్చిందో తెలియదని వీధిలో వేళాకోళం.

ఇంట్లో ఉన్నది అక్క కూతురు ఒక్కతే. బట్టల దుకాణంలో కుట్టుపని చేస్తుంది. నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తల్లి పోతే ఈలమ్మే పెంచింది. ఈ నెలాఖరుకు పిన్ని రిటైరవుతోందని ఆ పిల్ల రోజులు లెక్కపెడుతోంది. ఆ ఈలను అటక మీద పడేసి, ఒక్కరోజైనా పొద్దెక్కేదాకా నిద్రపోవాలని పిన్ని చేత మాట తీసుకుంది. ఈలమ్మ సరేనంది. ఆ పిల్ల ఏమడిగినా ఆమె సరేనంటుంది. చెప్పాల్సింది ఒకటి చెప్పలేదు, అందుకు.

ఇరవై ఆరేళ్ల కిందట అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే మిల్లులో ఒకే షిఫ్టు చేసేవాళ్లు. గొంతు పెద్దదని చెల్లెలికి ఒక కాగితమూ ఒక ఈలా ఇచ్చారు. ఎప్పుడైనా నిప్పంటుకుంటే అందరినీ బయటికి తెచ్చి, లెక్కపెట్టి, సరిపోతే ఈల ఊదమన్నారు. కాగితంలో నలభై మూడు పేర్లు. కాగితం పట్టుకునే మనిషి పేరు ఆ కాగితంలో ఉండదు. నిజంగానే మంటలు లేచిన రోజు ఆమె గేటు బయట నిలబడి, వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెట్టింది. నలభై రెండు అయ్యాక ఆ వేలు తిరిగొచ్చి తన గుండెల మీదే ఆగింది. నలభై మూడు. ఈల ఊదింది. ఈల వినగానే లోపలికి పోబోతున్న ఫైరింజను మనుషులు ఆగిపోయి, బయటి నుంచే నీళ్లు కొట్టారు. అక్క వెనక గదిలో ఉంది.

బయటికొచ్చిన మనిషే దేనికోసమో మళ్లీ లోపలికి పరుగెత్తి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆమె అనుకోనిచ్చింది. ఇరవై ఆరేళ్లుగా ఆ పిల్లకు రేపు చెబుదామనుకుంటూనే ఉంది. ఆ సిగ్గు అన్నంలో రాయిలా ప్రతి పూటా పంటికి తగులుతుంది.

తర్వాత ఈ ఉద్యోగంలో చేరాక, నిప్పంటుకున్నట్టు గంట కొట్టి అందరినీ బయటికి రప్పించే కసరత్తు మొదటిసారి చేయించినప్పుడే ఒక వింత జరిగింది. ఏదో బడిలో టీచర్లూ పిల్లలూ కలిపి నూటపది మంది. ఆవరణలో లెక్కపెడితే నూటపదకొండు. మళ్లీ నన్నే లెక్కేసుకున్నానేమోనని మొదటి నుంచి లెక్కపెట్టింది. అంతే వచ్చింది. అప్పటి నుంచీ ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో మెళ్లో తాడు గట్టిగా పట్టుకుని కళ్లతోనే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అయినా ఎక్కడికెళ్లినా ఒకరు ఎక్కువ. పేర్లు పిలిస్తే ఉన్నవాళ్లే పలుకుతారు. తలలు లెక్కపెడితే ఒకటి మిగులుతుంది. ఆ మిగిలిన తల ఎవరిదో ఎంత చూసినా కంటికి చిక్కదు. చివరి వరసలో, ఇద్దరి భుజాల మధ్య, ఎప్పుడూ అటు తిరిగే ఉంటుంది.

మొదట్లో జ్వరం తగిలేది. తర్వాత్తర్వాత అలవాటైంది. వచ్చిన లెక్కలో ఒకటి తీసేసి ఈల ఊదేది. ఈమధ్య నిజం చెప్పాలంటే దానికోసమే ఎదురుచూసేది. ఒకరు ఎక్కువ వచ్చారంటే అక్క ఈసారి కూడా మెట్లు దిగి బయటపడిందన్నమాట.

ఆ రోజు కసరత్తు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో. మూడంతస్తులు, ఒకటే మెట్లదారి, దారికి రెండు పక్కలా నడుమెత్తు అట్టల కట్టలు. ఈలమ్మ ముందుగా వెళ్లి కట్టలు జరిపించింది. పొగ కోసం డ్రమ్ములో తడిగడ్డి వెలిగించి ఆవరణ మూలన పెట్టమంది. మేనేజరు మర్యాదగా తలూపాడు. ఆమె పై అంతస్తులో కిటికీలు చూస్తుండగా, అంతదూరం మోయడమెందుకని మనుషులు ఆ డ్రమ్మును మొదటి మలుపులో మెట్ల కిందకు తోశారు. కత్తిరించిన అట్టముక్కలూ జిగురు డబ్బాలూ ఉండేది అక్కడే.

పదకొండింటికి గంట కొట్టారు. జనం నవ్వుకుంటూ, తోసుకుంటూ, సెల్‌ఫోన్లు చూసుకుంటూ దిగొచ్చారు. కొందరు దగ్గు నటించారు. ఎండలో వరసలు కట్టారు. కాగితంలో అరవై ఎనిమిది మంది. ఈలమ్మ తాడు పట్టుకుని కళ్లతో లెక్కపెట్టింది. అరవై ఎనిమిది.

ఆమె చివరి వరస మళ్లీ చూసింది. ఈసారి కుడి నుంచి ఎడమకు లెక్కపెట్టింది. అరవై ఎనిమిదే. మూడోసారీ అంతే. ఇన్నేళ్లలో లెక్క ఇంత చక్కగా సరిపోవడం ఇదే మొదలు.

మేనేజరు గడియారం చూసుకుంటూ, సరిపోయింది కదా, ఈల ఊదేస్తే పనిలోకి పోతారన్నాడు. ఆమె ఈల నోటి దాకా తెచ్చి ఆపింది. అక్క ఈ వరసల్లో ఉంటే, కాగితంలోని మనిషి ఒకరు లోపలుండిపోయినట్టు. అక్క లేకపోతే అక్కే లోపలుండిపోయినట్టు. ఎలా చూసినా లోపల ఒకరున్నారు. ఈ మాట మేనేజరుకు ఎలా చెప్పడం? పేర్లు పిలుద్దామని కాగితం ఎత్తింది. అప్పుడే గాలి ఇటు తిరిగింది. గడ్డి పొగ వాసన ఆమెకు తన ఒంటి వాసనంత తెలుసు. ఇది గడ్డి కాదు.

గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ ఉన్నాడు. అతనిది వేరే కంపెనీ, కాగితంలో అతని పేరు లేదు. ఈలమ్మ గబగబా వెళ్లి కాగితమూ ఈలా అతని చేతుల్లో పెట్టింది.

"జిగురు కాలుతోంది. ముందు ఫైరింజనుకు ఫోన్ చెయ్యి. తర్వాత మళ్లీ లెక్కపెట్టు. నిన్ను నువ్వు కలుపుకోకు. నన్నూ కలపకు."

"నువ్వెక్కడికమ్మా?"

"ఒకరున్నారు లోపల."

ఒకసారి బయటికొచ్చాక మళ్లీ లోపలికి పోకూడదని ఇరవై ఆరేళ్లుగా నేర్పిన మనిషి, కుళాయి కింద చేతిగుడ్డ తడిపి ముక్కుకు కట్టుకుని లోపలికి వెళ్లింది.

మొదటి మలుపులో మంట ఇంకా చిన్నదే. అట్టముక్కల మీద పిల్లిలా మెత్తగా పాకుతోంది. పొగ మాత్రం నల్లగా, బరువుగా పైకి పోతోంది. ఆమె కుడిచెయ్యి గోడకు ఆనించి, ఒంగి, మెట్లెక్కింది. అంతస్తుకు ఇరవై రెండు మెట్లు. పొద్దునే లెక్కపెట్టుకుంది. రెండో అంతస్తులో నేలకు ఆనుకుని పాకింది. చేతి వెనకవైపుతో తలుపులు తాకింది. ఒకటి చల్లగా ఉంది. తోస్తే ఖాళీ. ఇంకొకటీ ఖాళీ. మూడోది సామాన్ల గది. కట్టల వెనక, గోనెపట్టా మీద, పదిరోజుల కిందట పనిలో చేరిన అమ్మాయి ముడుచుకుని పడుకుని ఉంది. ఒళ్లు కాలిపోతోంది. పొద్దుటి నుంచి జ్వరమట. గంట వినపడిందట. ఉత్తుత్తి గంటే కదా అని కళ్లు మూసుకుందట.

అంటే బయట అరవై ఎనిమిదిలో అక్క ఉంది. ఈలమ్మకు ఏడుపొచ్చింది. ఏడవడానికి ఊపిరి చాలదని మానుకుంది.

తన ముక్కుకున్న గుడ్డ విప్పి అమ్మాయికి కట్టింది. మెట్ల దాకా ఈడ్చుకొచ్చి, ఆ పిల్ల కుడిచెయ్యి తీసి గోడకు ఆనించింది.

"చెయ్యి తియ్యకు. నలభై నాలుగు మెట్లు. లెక్కపెట్టుకుంటూ దిగు. వెనక్కి చూడకు, నేనొస్తా."

పిల్ల దిగసాగింది. ఈలమ్మ వెనకే నాలుగు మెట్లు దిగింది. అయిదో మెట్టు మీద ఊపిరి అందక ఆగింది. ఛాతీలో ఎవరో బిగించి కట్టినట్టయింది. గోడకు చెయ్యి ఆనించే కూర్చుంది. ఒక్క నిమిషం ఆగి లేస్తాననుకుంది. ఒక్క నిమిషం ఆగితే ఏమవుతుందో ఆమెకే బాగా తెలుసు.

కింద పిల్ల అడుగులు వినిపిస్తున్నాయి. వాటి పక్కనే ఇంకో జత అడుగులు, చెప్పుల్లేనివి. రెండు జతలూ దిగాయి. దిగి దిగి, బయటి గుమ్మం దగ్గర ఆగాయి. తర్వాత ఒక జత మాత్రం వెనక్కి తిరిగి, తొందర లేకుండా, మెట్లెక్కి రావడం మొదలుపెట్టింది.

ఈలమ్మకు భయం వేయలేదు. ఆ నడక ఆమెకు తెలుసు. ఒకే మంచం మీద పడుకుని పెరిగినవాళ్లు.

"అక్కా," అంది. "ఆ రోజు నన్ను నేనే లెక్కపెట్టుకున్నాను."

అడుగులు ఆమె మెట్టు దాకా వచ్చి, పక్కన కూర్చున్నట్టు ఆగాయి.

అయిదు నిమిషాల్లో ఫైరింజను వచ్చింది. వాచ్‌మన్ అప్పటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. మొదటిసారి అరవై ఎనిమిది. అమ్మాయి దగ్గుకుంటూ బయటపడి వరసలో చేరాక రెండోసారి పెట్టాడు. అరవై తొమ్మిది రావాలని అతనికి తట్టనే లేదు. అరవై ఎనిమిదే వచ్చింది, కాగితంలోనూ అరవై ఎనిమిదే. ఇంజను పెద్దాయన దూకుతూనే అడగాల్సిన ఒక్క మాటా అడిగాడు.

"లెక్క సరిపోయిందా?"

"సరిపోయిందయ్యా," అన్నాడు వాచ్‌మన్. సంతోషం పట్టలేక ఈల కూడా ఊదాడు.

బయటి నుంచే నీళ్లు కొట్టారు. పావుగంటలో అంతా అయిపోయింది. కాలింది మెట్ల కింద చెత్త, నాలుగు జిగురు డబ్బాలు, అంతే. జనం ఊపిరి పీల్చుకుని మాటల్లో పడ్డారు. అప్పుడు వాచ్‌మన్‌కు చేతిలో ఉన్న ఈల ఎవరిదో గుర్తొచ్చింది. అతను నేల మీద కూలబడిపోయాడు. కాగితం అందరికీ చూపిస్తూ, ఆమె పేరు ఇందులో లేదయ్యా, కలపొద్దని తనే చెప్పిందయ్యా అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఏ తప్పు జరగకూడదని ఆమె ఊరంతా తిరిగి నేర్పిందో, ఆ తప్పు అతను చేయలేదు. చెప్పింది చెప్పినట్టు చేశాడు.

అమ్మాయి చెప్పింది మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. ఒకావిడ మెట్ల దాకా తెచ్చిందంది. ఇంకొకావిడ ఎడమచెయ్యి పట్టుకుని గుమ్మం దాకా దించి, పొమ్మని వీపు తట్టిందంది. జ్వరంలో ఉన్న పిల్ల కదా అనుకున్నారు.

ఈలమ్మ రెండో అంతస్తు కింద అయిదో మెట్టు మీద కూర్చునే ఉంది. ఊపిరి లేదు, ఒంటి మీద మాత్రం ఎక్కడా కాలలేదు. కుడిచెయ్యి గోడకు ఆనే ఉంది. తల ఎడమ పక్కకు, ఎవరి భుజం మీదో వాల్చినట్టు వాలి ఉంది. ఆమె చేతిగుడ్డ అమ్మాయి దగ్గరే ఉంది. అయినా ఆమె ముక్కుకు ఒక తడిగుడ్డ శుభ్రంగా మడిచి, వెనక ముడేసి కట్టి ఉంది.

అక్క కూతురు దుకాణం నుంచి పరుగెత్తుకొచ్చి, తనే ఆ ముడి విప్పింది. పాతకాలపు ముతక గుడ్డ, అంచులు చేత్తో కుట్టినవి. కుట్టుపని తెలిసిన పిల్ల గనక ఆ కుట్టు మీద వేలితో చాలాసేపు రాసి చూసింది. ఇది పిన్నిది కాదు, మా ఇంట్లోది కాదు అంది. ఫ్యాక్టరీలో అందరినీ అడిగారు. ఎవరూ తమదనలేదు. ఎవరైనా వస్తే తీసుకుంటారని వాచ్‌మన్ దాన్ని గేటు కమ్మీ మీద ఆరేశాడు.

మధ్యాహ్నమంతా మండే ఎండ కాసింది. సాయంత్రం గేటు మూసేవేళకు కూడా ఆ గుడ్డ తడి ఆరలేదు, అంచు నుంచి ఒక్కో చుక్కే నేల మీద పడుతూ ఉంది.