విగ్రహం కింద చేతిరాత

"చెవులు ఇంకాస్త పెద్దవి చెయ్యి నాయనా. అంతంత చెవులుండి కూడా నా మాట ఒక్కటి వినేవాడు కాదు మహానుభావుడు," అంది ఎవాంథియా.

శిల్పి స్ట్రాటిస్ నవ్వి, తడిగుడ్డ తొలగించి, ఆమె భర్త మెనెలావోస్ మట్టిబొమ్మ చెవికి మరికాస్త బంకమట్టి అద్దాడు. కంచు పోత పోసేముందు ఇంటివాళ్లు వచ్చి, మట్టిబొమ్మను చూసి సరేననాలి. నలభై ఆరేళ్ల కాపురంలో ఏ విషయానికీ "నీకు సరేనా" అని అడిగిన పాపాన పోలేదు ఆ కవి. ఇప్పుడు తమ ఊరు కవాలాలో రేవు ఎదుట విగ్రహమై నిలబడటానికి పెళ్లాం ఒప్పుకోలు కావలసివచ్చింది. అయినా ఆ ముఖం చూడగానే ఎవాంథియాకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి చాచి మట్టి బుగ్గను నిమిరింది.

"కింద దిమ్మె మీద ఆయన కవిత ఒకటి, ఆయన చేతిరాతలోనే చెక్కిస్తున్నారమ్మా. ముత్యాల్లాంటి అక్షరాలు!" అంటూ స్ట్రాటిస్ ఒక నకలు ముందుపెట్టాడు. "ఆయన నోటుపుస్తకాలు పట్టుకెళ్లిన ప్రొఫెసర్లు ఇచ్చారు. ఇది ఆయన రాతేనని మీరు ప్రమాణపత్రం రాసిస్తే చాలు. మన ఆఫీసుల సంగతి తెలిసిందేగా, కాగితం లేందే మేకు కూడా కొట్టనివ్వరు."

ఆయన రాతట! ఆయన రాస్తే కోడి గీకినట్టుండేది, మర్నాటికి ఆయనకే అర్థమయ్యేది కాదు. అందుకే ముందుగదిలో పూసలదండ తిప్పుకుంటూ అటూ ఇటూ తిరిగి, "ఎవాంథియా, చేతులు తుడుచుకో, ఒకటొచ్చింది!" అని కేకేసేవాడు. చేపలు కడుగుతున్నదల్లా పరుగెత్తుకొచ్చి రాసేది. ఈలోగా పొయ్యిమీద చిక్కుళ్లు మాడేవి, మాడినందుకు మాటలూ పడేది. "ఇక్కడ వెన్నెల వద్దు, ఉప్పు అను," అంటే, "ఓహో, వంటింటి సలహా!" అని నవ్వేవాడు. మర్నాడు స్నేహితుల ముందు ఉప్పు అనే చదివేవాడు. వాళ్లతో మాత్రం, "మా ఎవాంథియా కాఫీ బ్రహ్మాండంగా పెడుతుంది," అనేవాడు. ఒళ్లు మండేది. కానీ ఆ కేక కోసం రోజంతా చెవులు రిక్కించుకుని ఉన్నదీ తనే. ఆయన పోయాక మూడేళ్లుగా ఆ కేక లేక ఇల్లు తినడానికొస్తోంది.

"ఇంకా ఏమిటాలోచన వదినా, రాసిచ్చెయ్," అంది తోడుగా వచ్చిన ఆడపడుచు కల్లిరోయి.

"ఎవరి రాతో నీకు తెలీదా?" అంది ఎవాంథియా, గొంతు తగ్గించి.

"తెలుసులే. కలం ఎవరు పట్టుకుంటేనేం, కవిత అన్నయ్యది. ఊరందరి ముందూ ఆయన పరువు తియ్యకు తల్లీ."

"కవిత ఆయనదే. కాదన్నానా?"

మనస్ఫూర్తిగానే అంది. కానీ అబద్ధపు ప్రమాణం చెయ్యడానికి చెయ్యి రావడం లేదు. ఆయన మీద ప్రేమ ఉంది సరే, తన మీద తనకు ఆ మాత్రం ఉండొద్దూ? కుర్చీ లాక్కుని కూర్చుంది. స్ట్రాటిస్ అందించిన ప్రమాణపత్రంలో తన పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, అడిగినవన్నీ తాపీగా నింపింది. ఆ కింద రెండు వరుసలు రాసి, సంతకం పెట్టి ఇచ్చింది.

స్ట్రాటిస్ ఇంకా చదవనేలేదు. అక్షరాల దగ్గరే ఆగిపోయాడు. నకలు తీసి పక్కన పెట్టుకున్నాడు. అవే ముత్యాలు. అప్పుడు చదివాడు:

"ఈ కవిత నా భర్తది, ఈ చేతిరాత నాది. కింద నా పేరు కూడా చెక్కితేనే ఈ విగ్రహానికి నేను ఒప్పుకుంటాను."