పాటలో కిర్రు

...లేదంటే శబ్దాలే తన దగ్గరికి రావడం మానేశాయేమో అనుకుంటూ, అతను హాలు తలుపు బందులో ఇంకో చుక్క నూనె వేశాడు. తలుపు మెల్లగా తెరిచాడు, మూశాడు. ఏమీ వినపడలేదు. వినపడకపోవడం ఇన్నేళ్లూ అతని పనితనానికి గుర్తు. ఈమధ్య అది దేనికి గుర్తో తేల్చుకోలేకపోతున్నాడు.

ఆ రికార్డింగ్ స్టూడియోలో చప్పుడు లేకుండా చూడటం అతని పని. కుర్చీ కాళ్లకు గుడ్డ తొడుగుతాడు, పాట మొదలయ్యే ముందు ఫ్యాన్లు ఆపుతాడు, కదిలే ప్రతిదానికీ నూనె వేస్తాడు. సన్నమూతి నూనెడబ్బా, దాని మెడకు చుట్టిన పాత బనీను గుడ్డ ఎప్పుడూ జేబులోనే. చొక్కాలన్నీ ఒక్కచోటే మరకపడ్డాయి. అందరూ నూనె బాబాయ్ అంటారు. మడమలు నేలకు ఆనకుండా నడిచీ నడిచీ ఇంట్లోనూ అలాగే నడుస్తాడు. వెనక నుంచి వచ్చి నిలబడితే భార్య ఎన్నిసార్లు ఉలిక్కిపడిందో. కూతురు చిన్నప్పుడు పాడుతూ గెంతుతుంటే అతని వేలు దానంతటదే పెదవుల మీదికి పోయేది.

ఈ పొద్దున భార్య భుజం పట్టి ఊపేదాకా తనను పిలుస్తోందని అతనికి తెలియలేదు.

"అక్కడ నోరు మూసుకుని పనిచేసి, ఇంటికొచ్చి మా నోళ్లు మూయించావు. ఇప్పుడు పిలిస్తే పలకవు కూడానా? ఏంటయ్యా అంత అలక?"

అలకే అనుకోనీ అని ఊరుకున్నాడు. అలిగినవాణ్ణి ఎవరూ పనిలోంచి తీసెయ్యరు.

తీసేస్తే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. అయినా భయంతోపాటు ఏదో వింత. సన్నని శబ్దాలు ముందు పోయాయి: గడియారం, కిటికీ మీది పిచ్చుకలు, కుక్కరు కూత. లావువి మిగిలాయి. మాటలు వినపడతాయి గానీ వాటి అంచులు ఎవరో కొరికేసినట్టుంటాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మిగతాది పూరించుకుంటాడు.

ఇవాళ వచ్చింది నలుగురు పిల్లల రాక్ బ్యాండు. ఇదే వాళ్ల మొదటి పాట. ఈ ఒక్కటే విడిగా విడుదల చేస్తారట. జనానికి పడితేనే రెండోది. హాలు సాయంత్రం వరకే వాళ్లది. నలుగురూ కలిసే వాయించి, పాట మొత్తం ఒకే ఊపులో రికార్డు చేయాలని పట్టు. నేల అదిరితే అతని అరికాళ్లు సంతోషించాయి.

పాట ఆగింది. అద్దం వెనక నుంచి ఇంజనీరు మైకులో అన్నాడు: "బాబాయ్, ఏదో కిర్రుమంటోంది. డ్రమ్ముల వైపు."

అతను డ్రమ్ముల అమ్మాయి స్టూలుకు నూనె వేశాడు. మళ్లీ వాయించారు, మళ్లీ కిర్రు. ఇత్తడి తాళాల స్టాండుకు వేశాడు. మళ్లీ.

"ఇంత నూనె మా నాన్న తలకి రాసుంటే జుట్టు మొలిచేది," అన్నాడు గిటారు కుర్రాడు. ఇంజనీరు నవ్వలేదు. "వేస్తున్నావా, వేసినట్టు నటిస్తున్నావా బాబాయ్?"

అతను డ్రమ్ముల పక్కన మోకాళ్ల మీద కూర్చుని డ్రమ్ము కాళ్ల మరలకు నూనె వేశాడు. పెద్ద డ్రమ్మును కొట్టే పెడలును ఆ అమ్మాయి పాదంతో, డ్రమ్ముకు తగలనంత మెల్లగా నొక్కింది.

"ఇప్పుడు చెప్పండి బాబాయ్."

"పోయిందమ్మా."

మళ్లీ నొక్కింది. "పోయిందా?"

"పూర్తిగా."

ఆమె పాదం ఆగిపోయింది. ఆమె చూపు అతని ముఖం మీంచి చెవుల మీదికి జరిగింది. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాడు.

ఆమె అద్దం వైపు తిరిగింది. "అన్నా, ఆ కిర్రు ఉండనిద్దాం. ఎవరో తలుపు తీసుకుని పాటలోకి వస్తున్నట్టుంది."

"పిచ్చా నీకు? మొదటి పాట!" అన్నాడు ఇంజనీరు.

"మొదటిది కాబట్టే."

తనను కాపాడటానికి అబద్ధమాడుతోందా, నిజంగానే బావుందా? తెలుసుకోవడానికి అతని దగ్గరున్న ఒక్క సాధనమూ పాడైపోయింది.

చివరికి ఆమె మాటే నెగ్గింది. కిర్రుతోనే ఇంకోసారి వాయించి, అందరూ వినడానికి ఇంజనీరు గదిలోకి చేరారు. అతను స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. డ్రమ్ము చేతిని తన్నింది. లావు తీగల గిటారు మోత మణికట్టు దాకా ఎక్కింది. పాట సద్దుమణిగి ఒక్క డ్రమ్మే మిగిలేచోట, అరచేతికి ఇంకేమీ తగల్లేదు గానీ, నలుగురి ముఖాలూ ఒక్కసారే విచ్చుకున్నాయి. కనుబొమలు లేచాయి. ససేమిరా అన్న ఇంజనీరు కూడా నవ్వు దాచుకోలేక పెదవి కొరుక్కున్నాడు. ఆ ముఖం అబద్ధమాడటం అతను ఎన్నడూ చూడలేదు.

కిర్రంటే ఇదా? ఇన్నేళ్లూ నూనె పోసి తను ఆపింది దీన్నేనా? కూతురు గెంతుతూ పాడినప్పుడు తన ముఖం ఎలా ఉండేదో గుర్తుచేసుకోబోయాడు. వేలు ఒక్కటే గుర్తుంది.

"ఈసారికి బతికిపోయావు బాబాయ్," ఇంజనీరు అన్నాడు. "రేపు వయొలిన్ల వాళ్లొస్తారు. చీమ కదిలినా ఊరుకోరు."

"రేపటికి ఇంకెవర్నన్నా చూసుకో. నాకు వినపడట్లేదు."

ఎంత గట్టిగా అన్నాడో తెలియలేదు. అందరూ ఒక్కసారే తిరిగారంటే గట్టిగానే అనుంటాడు.

"ఎప్పట్నించి?" ఇంజనీరు పెదవులు అడిగాయి.

"చాన్నాళ్లైంది."

"మరి ఇన్నాళ్లూ..." ఇంజనీరు ఆగాడు. అలవాటుగా చెయ్యెత్తాడు, రికార్డింగు మొదలయ్యే ముందు అందరూ నిశ్శబ్దం అని చూపే చెయ్యి, అంతలోనే దించేశాడు. "చెవి డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తా. కూర్చో."

"తర్వాత. ముందు ఇంటికెళ్లాలి. మా ఆవిడ అలిగాననుకుంటోంది."

ఖాళీ హాలు గుండా, మడమలు నేలకు ఆనించి నడిచాడు. ఆ అడుగులు ఎలా వినిపిస్తాయో మరి. డ్రమ్ముల దగ్గర ఆగి, జేబులోంచి డబ్బా తీసి స్టూలు మీద పెట్టాడు. అతని వెనక తలుపు తనంతట తానే మూసుకుంది. స్టూలు మీద, పెడలుకు మూరెడు ఎత్తున, మెడకు బనీను గుడ్డ చుట్టుకుని నూనెడబ్బా.